పాస్‌పోర్టుకు పెట్టిన బొట్టు

“యూరప్ అని చెప్పి మలేషియా వీసా వేయిస్తావా? నువ్వొక మనిషివేనా?”

అమూల్య గొంతు లేచిందంటే ప్రొద్దుటూరు సంత కదిలొచ్చినట్టే. సింగపూర్ యూ టీలో ఆ ఫ్లాట్ల బ్లాకు కింద చదరంగం ఆడుకుంటున్న చైనా తాతలిద్దరూ ఎత్తిన పావుల్ని అలాగే పట్టుకుని ఇటు చూశారు.

పృథ్వీ జంకలేదు. కోనసీమ లంకల్లో పుట్టినవాడు. గోదారి ఇంట్లోకొచ్చినా ‘కాస్త పక్కకి వెళ్లండి’ అని మర్యాదగా చెప్పే రకం.

“అలా కోప్పడితే ఎలాగండీ? మలక్కాలో డచ్చివాళ్ల ఎర్ర చర్చి ఉంది. పోర్చుగీసువాళ్ల కోట గుమ్మం ఉంది. ఇంగ్లీషువాళ్ల సమాధులున్నాయి. నాలుగ్గంటలు బస్సులో కూర్చుంటే మూడు దేశాల యూరప్ అండీ!”

“సమాధులు చూసేదానికి లాంగ్ వీకెండ్ కావాలా సామీ?”

పక్కనున్న కావ్యశ్రీ పకపకా నవ్వింది. అభిషేక్ మాత్రం తన పాస్‌పోర్టు తీసి పృథ్వీ చేతిలో పెట్టేశాడు. “అసలు యూరప్ వీసా వచ్చేసరికి మనకి జుట్టు నెరుస్తుందే. ఇచ్చేయ్.”

నలుగురూ ఒకే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లు. చదువైపోగానే యూరప్ వెళ్దామని మొదటి సెమిస్టర్లోనే ఒట్లు పెట్టుకున్నారు. చదువైంది. Y2K గండం గడిచింది. డాట్‌కామ్ కంపెనీలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులవి. ముగ్గురికీ ఉద్యోగం పర్మిట్లు వచ్చేశాయి. అమూల్యకి కంపెనీ సరేనంది గానీ, గవర్నమెంటు నుంచి పర్మిట్ రాలేదు. ఆరు వారాలుగా ఎదురుచూపే. నెలాఖరుకి స్టూడెంట్ పాస్ అయిపోతుంది. ఆ లోపల రాకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే.

“తీసుకో,” అంది అమూల్య పాస్‌పోర్టు చాపుతూ. “నన్ను ఊరికి పంపించే ముందు ఆ సమాధులైనా చూసిపోతా.”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు కంటిదాకా రాలేదని పృథ్వీకి కనబడింది. రెండేళ్లుగా ఆ కళ్లనే చూస్తున్నవాడికి ఆపాటి తెలీదా?

పృథ్వీ ఉండేది సత్యవాణి ఆంటీ వాళ్ల ఫ్లాట్లో, వంటగది పక్క గదిలో. ఆంటీ దేవుళ్లు వంటగదిలోనే, మైక్రోవేవ్ పైన అరలో ఉంటారు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఆంటీ వాకింగ్ నుంచి రాకముందే పృథ్వీ ఆ అర ముందు నిలబడ్డాడు. నాలుగు పాస్‌పోర్టుల్లోంచి ఒక్కటే తీశాడు. సింగపూర్ స్టూడెంట్ పాస్ ముద్ర ఉన్న పేజీ తెరిచి, మూలన కందిగింజంత పసుపు తడిపి బొట్టు పెట్టాడు.

“ఈ పిల్లని ఈ ఊళ్లోనే ఉండనియ్యండి స్వామీ,” అన్నాడు. దేవుడికి కూడా ‘అండి’ అన్నాడని తర్వాత గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

ఆరేదాకా ఉండి, మూసి, వీసా ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. మూడోరోజు అమూల్య ఫోన్ చేసి చెవి చిల్లు పడేలా అరిచింది. పర్మిట్ వచ్చింది! గుడ్ ఫ్రైడే సెలవులయ్యాక సోమవారం తొమ్మిదింటికల్లా కాగితాలు తీసుకుని కంపెనీకి రమ్మన్నారట.

బొట్టు సంగతి పృథ్వీ ఎవరికీ చెప్పలేదు. చెప్తే ‘నా ఒక్కదానికే ఎందుకు?’ అని అడుగుతుంది. దానికి జవాబు రెండేళ్లుగా గొంతులోనే ఉండిపోయింది.

మలక్కా బాగుంది. ఎర్ర చర్చి ముందు ఫొటోలు దిగారు. పూలు కట్టిన రిక్షా ఎక్కి అమూల్య “ఇదేనా మీ పారిస్?” అని ఏడిపించింది. “పారిస్‌లో ఇంత ఉక్కపోత ఉండదండీ,” అన్నాడతను చెమట తుడుచుకుంటూ.

ఆదివారం పొద్దున కోట గుట్ట మీంచి దిగుతుండగా వాన పట్టుకుంది. అభిషేక్, కావ్యశ్రీ ఒక గొడుగులో దూరి ముందు పరిగెత్తారు. మిగిలిన గొడుగు ఒకటే. ఆ అమ్మాయి భుజం తగలకూడదని ఇతను ఇటు జరిగాడు. ఇతని చెయ్యి తగలకూడదని ఆ అమ్మాయి అటు జరిగింది. గొడుగు కింద మధ్యలో మూడో మనిషి పట్టేంత జాగా పొడిగా ఉండిపోయింది. ఇద్దరి బయటి భుజాలూ తడిసి ముద్దయ్యాయి. అమూల్య బయటి భుజానికి గుడ్డ సంచి ఉంది. సంచిలో పాస్‌పోర్టు ఉంది.

ఆ సంగతి సాయంత్రం సింగపూర్ సరిహద్దులో, ఉడ్‌లాండ్స్ చెక్‌పోస్టులో బయటపడింది.

అక్కడ పద్ధతి ఏమిటంటే, బస్సు దించేస్తుంది. పాస్‌పోర్టు చూపించి అవతలికి వచ్చి మళ్లీ ఎక్కాలి. కాసేపే ఆగుతుంది. ఎవరు రాకపోయినా వెళ్లిపోతుంది.

ముగ్గురూ దాటారు. పృథ్వీ వెనక్కి తిరిగి చూశాడు. అమూల్య కౌంటర్ దగ్గరే ఉంది. లోపలి కుర్ర ఆఫీసరు పాస్‌పోర్టుని వెలుతురుకి ఎత్తి చూస్తున్నాడు.

“వాట్ ఈజ్ దిస్? కర్రీ ఆ?”

పేజీ పచ్చగా ఉంది. ఆంటీ వాళ్ల ఊరి నుంచి కొమ్ములు దంచి తెప్పించుకునే పసుపది. అంటుకుంటే వదలదు. వానకి పేజీ అంతా పాకి ముద్ర మీది తేదీని మింగేసింది.

“ఐ డోంట్ నో సర్,” అంది అమూల్య. పక్క గది వైపు నడవమన్నాడతను. రిక్షాలో అంత అల్లరి చేసిన పిల్ల, ఆ గుమ్మం దగ్గర సంచిని గుండెకి అదుముకుని నిలబడిపోయింది. రేపు తొమ్మిదింటికి ఉద్యోగం. ఇవాళ ఊళ్లోకే రానివ్వకపోతే?

“ఒరేయ్, బస్సు!” అన్నాడు అభిషేక్.

“మీరెక్కండి.”

“నువ్వు?”

“ఆ బొట్టు నాది రా,” అని పృథ్వీ వెనక్కి నడిచాడు.

గదిలో బల్లకి అవతల ఒక పెద్దావిడ కూర్చుంది. నెరిసిన జుట్టు, యూనిఫాం, ముక్కుకి చిన్న పుడక. తమిళావిడ. పేజీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“మంజళ్,” అంది. తమిళంలో పసుపు. తర్వాత ఇంగ్లీషులో, “ఎవరు పూశారు?”

“నాకు తెలీదు మేడమ్,” అని ఇంగ్లీషులో అమూల్య అంటుండగానే వెనకనుంచి వినిపించింది.

“నేనే మేడమ్.”

అమూల్య గిరుక్కున తిరిగింది. “నువ్వా? ఎప్పుడు పెట్టినావు? ఎందుకు పెట్టినావప్పా?”

“అదే నేనూ అడుగుతున్నా,” అంది పెద్దావిడ తెలుగు తెలియకపోయినా తెలిసినట్టే. “గవర్నమెంటు కాగితం మీద ఇలాంటివి చెయ్యకూడదని తెలీదా? ఎందుకు పెట్టావు?”

పృథ్వీ చేతులు కట్టుకున్నాడు. “ప్రార్థన మేడమ్. తనకి పర్మిట్ రాలేదు. వెళ్లిపోవాల్సొస్తుందని భయమేసింది. దేవుడి ముందు పెట్టి...”

“నీ పాస్‌పోర్టు ఇలా ఇయ్యి.”

ఇచ్చాడు. ఆవిడ ప్రతి పేజీ తిప్పింది. ఎక్కడా చుక్క పసుపు లేదు.

“ఎన్ని పాస్‌పోర్టులున్నాయి ఆరోజు నీ దగ్గర?”

“నాలుగు మేడమ్.”

“ఎన్నింటికి పెట్టావు?”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పృథ్వీ నేలకేసి చూశాడు. “ఒక్కదానికే.”

“ఎందుకు ఒక్కదానికే?”

ఏ ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగని ప్రశ్న. ఆఫీసరమ్మ కళ్లద్దాల మీంచి చూస్తూ ఆగింది. బయట బస్సు కదిలిన చప్పుడైంది.

“తను వెళ్లిపోతే నేనిక్కడ ఉండి ఏం చేస్తాను మేడమ్?” అన్నాడు. ఇంగ్లీషులో అనాల్సింది, తెలుగులో వచ్చేసింది.

ఆవిడకి అర్థం కావాల్సిన అవసరం లేకపోయింది. అమూల్య మొహం చూసి అర్థం చేసుకుంది. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాపుకుని, కంప్యూటర్ వైపు తిరిగి నంబరు కొట్టింది. ఒక నిమిషం. ఇంకో నిమిషం. పృథ్వీకి ఆ రెండు నిమిషాల్లో రాజోలు నుంచి రాజమండ్రిదాకా ఉన్న దేవుళ్లందరూ గుర్తొచ్చారు.

“నీ రికార్డు కంప్యూటర్లో ఉందమ్మా. పాస్ చెల్లుతుంది. ఉద్యోగం పర్మిట్ కూడా కనబడుతోంది.” ఠక్కున ముద్ర పడింది. “రేపే వెళ్లి మీ హైకమిషన్లో కొత్త పాస్‌పోర్టుకి అప్లై చెయ్యి.” తర్వాత పృథ్వీ వైపు వేలు చూపించింది. “నువ్వు! ఇంకోసారి పసుపు పట్టుకుని పాస్‌పోర్టు దగ్గరికి వచ్చావో!”

“రానండీ!” అన్నాడు అచ్చ తెలుగులో.

బయటికి రాగానే అమూల్య మెట్ల మీద కూర్చుని అరచేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాడతను. వంగి చూస్తే నవ్వుతోంది. భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది.

“కర్రీ ఆ అన్నాడు సామీ! నేను పులిహోర మరకే అనుకున్నా!”

“తప్పైపోయిందండీ. రేపు మీ ఉద్యోగం...”

“ఉద్యోగం ఎక్కడికీ పోలేదులే. పా, బస్సెక్కుదాం.”

లోకల్ బస్సెక్కి క్రాంజీ స్టేషన్‌కి, అక్కడ ట్రైను. అక్కణ్నుంచి యూ టీ ఒక్కటే స్టేషను దూరం. ఆ ఒక్క స్టేషన్‌లోనే చెప్పాల్సినవన్నీ చెప్పేయాలని పృథ్వీ తడబడుతుంటే, అమూల్య కిటికీలోకి చూస్తూ మాట్లాడింది.

“రెండేండ్ల నుంచి నన్ను అండీ గిండీ అంటాంటివి. నాకు అక్క మర్యాదలు చేస్తాండావనుకున్నా.”

“రామ రామ! అక్కేంటండీ!”

“మళ్లీ అండీ.”

“అక్కేంటి... అమూల్యా.” ఆ పేరు ‘అండీ’ తగిలించకుండా పలకడం అదే మొదటిసారి. పక్క సీట్లో ముసలమ్మ ఎందుకు నవ్విందో తెలీదు.

యూ టీలో దిగారు. మళ్లీ చినుకులు. ఒకటే గొడుగు. ఈసారి మధ్యలో మూడో మనిషికి జాగా లేదు. బ్లాకు కింద చదరంగం తాతలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు.

లిఫ్టు ముందు పృథ్వీ ఆగాడు. “కొత్త పాస్‌పోర్టు వచ్చాక దానికేమీ పెట్టనులే. ఒట్టు.”

“పాస్‌పోర్టుకొద్దు.” అమూల్య సంచి ఇంకో భుజానికి మార్చుకుంది. “జూన్‌లో మా నాయన, అమ్మ వస్తాండారు. అప్పుడు మీ ఆంటీనడిగి ఆ పసుపు డబ్బా తెచ్చుకో. పెట్టాల్సిన చోట పెడుదువుగాని. మా నాయన ముందర పెట్టాల, దొంగతనంగా కాదు.”

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల సత్యవాణి ఆంటీ, చేతిలో చెత్త సంచి.

“వచ్చార్రా? ఇంతసేపేంటి? అభిషేక్ ఫోన్ చేశాడు, ఏదో పసుపు గొడవంట! ఎవరి పసుపు?”

“మీదే ఆంటీ,” అంది అమూల్య చెవులదాకా నవ్వి. “ఒక్క చుక్క వాడుకున్నాడు. మిగతాది జూన్‌దాకా దాచిపెట్టండి.”