పాత ఎలకల సాక్ష్యం

అనంతగిరి ఘాట్ రోడ్డు మలుపులో జీపు లోయలోకి దూకింది. స్టీరింగ్ ముందున్నది అరకు ప్రయోగశాల డైరెక్టర్ డాక్టర్ జగన్నాథరావు. బ్రేకు పైపు దానంతటది తెగలేదు. ఎవరో కోశారు.

విశాఖలో చీఫ్ సర్వేశ్వరరావు కిటికీ తెరలు లాగి, గొంతు తగ్గించాడు.

"కె-నైన్టీన్. కాఫీ తోటల్లో చల్లే పురుగుమందు. కంపెనీ ముసుగులో అమ్మేది ఒక విదేశీ ముఠా. జగన్నాథరావు దాన్ని ఎలకల మీద పరీక్షించాడు. మందు తిన్న ఎలకల కాలేయాల నిండా గడ్డలు. మందు పెట్టని కంట్రోల్ ఎలకలు శుభ్రం. నిషేధించమని రాశాడు. పోయాడు."

"అయితే నిషేధిస్తారు కదా సర్?" అన్నాడు ఏజెంట్ గంగరాజు.

"అక్కడే ఉంది మెలిక. వాళ్ల నిపుణుడు హాల్డర్ పాత పరీక్షల కంట్రోల్ ఎలకల్ని బయటికి తీశాడు. అదే ల్యాబు, అదే జాతి, ఏ మందూ తినలేదు. అయినా వాటికీ గడ్డలే! గడ్డలు ఈ జాతికి సహజం, మా మందు తప్పేం లేదంటున్నాడు. రేపు కమిటీ మందుకు అనుమతిస్తూ సంతకం పెడుతుంది. ఎల్లుండి తోటల్లో స్ప్రేయింగ్. ఆ పాత కాలేయాల సీసాలు నకిలీవని నా అనుమానం. తేల్చు. అక్కడ మన మనిషి ఉంది. కోడ్ మాట, వలిసెలు పూశాయా?"

గంగరాజుకు లైటర్ కెమెరా, లెన్సు గడియారం, ఎలకల మేత కాంట్రాక్టర్ వేషం ఇచ్చారు. మీసం కూడా ఇచ్చారు. అది అరకు చలికి ఓ పక్క లేస్తూ ఉండేది.

రైలు దిగింది మొదలు అతనికి అందరి మీదా అనుమానమే. టీ కొట్టువాడు చక్కెర వేశాక అంతసేపు ఎందుకు కలుపుతున్నాడు? అడగకుండా తాగాడు గానీ, అనుమానం గొంతు దిగలేదు.

ల్యాబు గేటు దగ్గర నల్ల కళ్లద్దాలు, చేతుల్లేని జాకెట్టు, మోచేతికి హ్యాండ్‌బ్యాగు. డాక్టర్ సత్యకుమారి.

"వలిసెలు పూశాయా?"

"ఇంకా మొగ్గలే." ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసుకుంటూ నడిపితే ఘాట్ రోడ్డు మీద ఇంకో జీపు పోయేదే. "హాల్డర్ సీసాలు మార్చేశాడు. నా కళ్లతో చూశాను. రేపు మీటింగులో ఆ మాట గట్టిగా అనండి చాలు."

పని ఇంత సులువుగా చేతికందడం గంగరాజుకు నచ్చలేదు. నేరుగా సీసాల గదికి వెళ్లి లెన్సు పెట్టి చూశాడు. లక్క ముద్రలు చెక్కుచెదరలేదు. వాటి మీద ఏళ్లనాటి దుమ్ము. అన్నీ అసలైనవే!

మరి సత్యకుమారి ఏం చూసింది?

రేపు అతను నకిలీ అని అరవాలి. హాల్డర్ ముద్రలు చూపించాలి. కమిటీ ఫక్కున నవ్వి సంతకం పెట్టాలి. ఉచ్చు బాగా బిగించారు. కానీ ఉచ్చు తెలిసినంత మాత్రాన దారి దొరకలేదు. సీసాలు నిజమైతే హాల్డర్ మాటా నిజమేనా?

వేషం కోసం తెచ్చిన బస్తా మోసుకుని ఎలకల షెడ్డుకు వెళ్లాడు. మేత పెట్టే అచ్చియమ్మ బస్తా వైపు చూసి మొహం చిట్లించింది.

"ఏటి బాబూ అది?"

"కొత్త మొక్కజొన్న. నిన్న కోసింది."

"అట్టుకుపో. కొత్త పండగ ఇంకా అవనేదు. దేవుడికి పెట్టకుండా కొత్త గింజ నాను ముట్టను."

"తినేది నువ్వు కాదుగా, ఎలకలు."

"పెట్టీది నా సెయ్యి కాదేటి?"

"మరి ఇన్నేళ్లూ పండగదాకా ఏం పెట్టేదానివి?"

"నిరుటి గింజలు. బూజట్టినా దులిపి పెట్టీదాన్ని. ఈపాలి ఆ బాద నేదు. జగన్నాథరావు బాబు టౌను నుంచి మేత బిళ్లలు తెచ్చాడు."

గంగరాజు మీసం ఊడి చేతిలో పడింది. ఈసారి చలి వల్ల కాదు.

"షెడ్డులో అవతల ఇంకో గది ఉందిగా, ఆ ఎలకలకు ఎవరు పెట్టేవారు?"

"యోనా. ఆడు ఏసుబాబు సర్సీకెల్తాడు. ఆడికి కొత్తా నేదు, పాతా నేదు. ఏది బేగి దొరికితే అదే. ఆ గది సీసాలు మొన్న సత్యకుమారమ్మ గోడౌన్లో దాయించింది." అచ్చియమ్మ చేతులు దులుపుకుని దగ్గరికి వచ్చింది. "బాబూ, మా పిల్ల సిన్నమ్మి ఎల్లుండి నుంచి తోటలో మందు కొట్టాల. కడుపుతో ఉంది. ఆ మందు మంచిదేనా?"

గంగరాజుకు ఆ రోజు మొదటిసారి భయం వేసింది. అది తన గురించి కాదు.

మర్నాడు గెస్ట్‌హౌస్ హాల్లో గడ్డల కాలేయాల సీసాలు వరసగా మెరుస్తున్నాయి. ఛైర్మన్ పెన్ను క్యాప్ తీశాడు.

"అభ్యంతరాలున్నాయా?"

సత్యకుమారి కళ్లతో సైగ చేసింది. గంగరాజు లేచాడు.

"ఈ సీసాల్లో ఒక్కటీ నకిలీ కాదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. హాల్డర్ "థ్యాంక్యూ!" అన్నాడు. ఛైర్మన్ పెన్ను కాగితానికి ఆనింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. అచ్చియమ్మ, చిన్నమ్మి తలల మీది గంపలు దించి, గోడౌన్లోంచి వెతికి తెచ్చిన యోనా గది సీసాలు బల్ల మీద పెట్టారు. వాటిలోని కాలేయాలకు గడ్డల్లేవు.

"ఇవీ ఆనాటివే. అదే జాతి, ఏ మందూ లేదు," అన్నాడు గంగరాజు. "తేడా మేతలోనే. హాల్డర్ గారి సీసాల్లోవి అచ్చియమ్మ గది ఎలకలు, పండగదాకా బూజు గింజలు తిన్నాయి. ఇవి తాజావి తిన్నాయి. కాబట్టి పాత గడ్డలు జాతివి కావు, బూజువి. కె-నైన్టీన్ తిన్న ఎలకలు బూజు ముట్టలేదు, బిళ్లలు తిన్నాయి. వాటి గడ్డలు ఎవరు పెట్టినట్టు?"

పెన్ను మొదటి అక్షరం మధ్యలో ఆగింది.

సత్యకుమారి బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత కింద చిన్న తుపాకీ గొట్టం, గంగరాజు గుండె వైపు. అతని చేతికందింది సాక్ష్యంగా తెచ్చిన బూజు గింజల సంచి ఒక్కటే. విసిరాడు. ఆమె తుమ్మింది. గుండు పైకప్పు పెంకుకు తగిలింది. పడిన బ్యాగులోంచి, పౌడరు డబ్బా వెనకాలే, బ్రేకు ఆయిలు మరకల కటింగ్ ప్లేయర్ దొర్లింది. పారిపోబోయిన హాల్డర్‌ను, గంగరాజు ముందే పిలిపించిన పోలీసులు వరండాలోనే పట్టుకున్నారు.

"అయితే రేపు మందు కొట్టక్కర్లేదేటి?" అంది చిన్నమ్మి.

"ఎప్పటికీ అక్కర్లేదమ్మా."

ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఇందులో అనుమానించడానికి గంగరాజుకు ఏమీ కనపడలేదు.

సాయంత్రం వైర్‌లెస్‌లో చీఫ్ గర్జించాడు.

"వెంటనే బయల్దేరు. కొత్త మిషన్."

గంగరాజు అచ్చియమ్మ ఇంటి పొయ్యి మీద కాలుతున్న నిరుటి కందదుంప వైపు, మూలన ముట్టకుండా ఉన్న తన బస్తా వైపు చూశాడు.

"కుదరదు సర్. ఇక్కడ పండగ అయ్యేదాకా కొత్తది ఏదీ ముట్టుకోరు."