ముసలి పీత వంతు

"ముసలి పీత గారూ, మీ వంతు వచ్చి మూడు రోజులైంది. మిగతా అయిదుగురం మీ ఫైలు కోసం ఎదురు చూసి చూసి అలిసిపోయాం. ఆట ఆడతారా, లేక ఒడ్డున ఎండకి కూర్చుంటారా?"

తైవాన్‌లో కీలుంగ్ రేవు దగ్గరి కళ్లద్దాల షాపులో, గిరాకీ లేని మధ్యాహ్నం పూట పెయ్‌యున్ ఈ మెయిలు టకటకా కొట్టి పంపేసింది. బయట వాన. కీలుంగ్‌లో వాన పడకపోతేనే జనం ఆగి ఆకాశంకేసి చూస్తారు.

కాసేపట్లోనే జవాబు వచ్చింది.

"నిర్వాహకురాలు గారూ, మా ఊళ్లోనూ వానే. ఎండ దొరికితే తప్పకుండా కూర్చుంటాను. పీతలు పక్కకి నడుస్తాయి కదండీ, అందుకే ఆలస్యం. సాయంత్రానికి పంపిస్తాను."

పెయ్‌యున్‌కి ఒళ్లు మండింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు మళ్లీ ఒళ్లు మండింది.

'పొగమంచు రాజ్యాలు' ఆమె బడికి వెళ్లే రోజులనాటి కంప్యూటర్ ఆట. మాంత్రికులు, డ్రాగన్లు, కోటలు. ఇప్పుడు దాన్ని అమ్మేవాళ్లు లేరు. ఆడేవాళ్లు మాత్రం తైవాన్ మొత్తం మీద గుప్పెడు మంది మిగిలారు. వాళ్లలో కొందరిని బతిమాలి, బుజ్జగించి పెయ్‌యున్ ఒక మ్యాచ్ మొదలుపెట్టింది. ఒకరు తమ వంతు ఆడి ఫైలుని తరువాతి వాళ్లకి మెయిల్లో పంపాలి. వాళ్లు ఆడి ఆ పక్కవాళ్లకి. అలా చుట్లు చుట్లుగా ఏడాది పాటు సాగుతుంది. మధ్యలో ఎవరైనా అలిగితే అంతే సంగతులు. ఆమె పెట్టిన రెండు మ్యాచ్‌లు అలాగే అర్ధాంతరంగా ఆగిపోయాయి. ఈసారి మాత్రం ఆగనివ్వకూడదని ఆమె పంతం.

వరుసలో 'ముసలి పీత' అని మారుపేరు పెట్టుకున్న ఆటగాడి తరువాత ఆమె వంతే. అందుకని అతని ఫైలు నేరుగా ఆమెకే వచ్చేది, ఏదో ఒక చిన్న కబురుతో.

"ఇవాళ చలిగా ఉంది. అల్లం టీ తాగి తెరవండి."

తాగి తెరిస్తే ఆమె తూర్పు కోట తగలబడుతూ కనిపించింది.

"మీ మాటలకీ మీ సైన్యానికీ ఎక్కడా పొంతన లేదేంటండీ?" అని రాసింది.

"నా సైన్యం నా మాట వినదండీ. ఒట్టు."

"పేరు చెప్పండి. తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది."

"లీరెన్. తిట్టేటప్పుడు కాస్త ముద్దుగా తిట్టండి."

రానురాను కబుర్లు పెద్దవయ్యాయి. అతను నాన్‌ఫాంగావ్ చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడని తెలిసింది. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియలేదు. షాపు యజమానురాలికి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి.

"ఏంటమ్మాయ్, అద్దాలు తుడుస్తూ ఆ నవ్వేంటి? అందులో ఎవరు కనిపిస్తున్నారు?"

"ఎవరూ లేరు పిన్నీ! మరక..."

"ఆ మరకకి పెళ్లయిందా?"

అంతా బాగుందనుకుంటున్న సమయంలో మ్యాచ్ ఆడుతున్నవాళ్లలో ఒకరైన తైచుంగ్ లెక్కల మాస్టారి నుంచి అందరికీ ఒక మెయిలు వచ్చింది. ఆయన డ్రాగన్లన్నిటినీ ముసలి పీత ఒక్క యుద్ధంలో చంపేశాడు. గెలవడానికి వీల్లేని యుద్ధం అది. ఈ ఆటలో ఒక దొంగదారి ఉంది. ఓడిపోతే సేవ్ చేయకుండా మూసేసి, ఫైలు మళ్లీ తెరిచి, గెలిచేదాకా ఆడొచ్చు. అందుకే ఒక వంతుకి ఒక్కసారే తెరవాలని నియమం. ఎన్నిసార్లు తెరిచారో ఫైలే చెబుతుంది. ముసలి పీత నాలుగుసార్లు తెరిచాడు.

పెయ్‌యున్ పాత ఫైళ్లు కూడా తిరగేసింది. ప్రతిసారీ అంతే.

ఇన్నాళ్లూ తనని నవ్వించింది మోసగాడా? ఆ కోపంలోనే అందరికీ రాసేసింది: "ముసలి పీత మోసం చేశాడు. మ్యాచ్ నుంచి తీసేస్తున్నాను. ఇలాంటివాళ్ల వల్లే మన ఆటలు చస్తున్నాయి."

లీరెన్ ఆమెకొక్కదానికే జవాబిచ్చాడు.

"మోసం జరగలేదు. కానీ నియమం ప్రకారం నువ్వు చేసింది సరే. నా కోసం మ్యాచ్ ఆపకు."

అందులో ఒక్క జోకు కూడా లేదు. అదే ఆమెని కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒక్కమాట అడిగి ఉంటే ఏం పోయేది? మర్నాడు, మ్యాచ్‌లో చేరేటప్పుడు అతనిచ్చిన నంబరుకి ఫోన్ చేసింది.

"ఎవరు?" అవతల ముసలి గొంతు, మాట ముద్దముద్దగా ఉంది.

"కీలుంగ్ నుంచి పెయ్‌యున్‌ని అండీ. మ్యాచ్ నిర్వాహ..."

"నేను దొంగని కాదు!"

ఫోన్ కింద పడ్డ చప్పుడు. తరువాత ఆయాసపడుతూ మరో గొంతు. "సారీ, సారీ. మా తాత. నేను లీరెన్‌ని."

ఆ గొంతు వినడం ఆమెకి అదే మొదలు. రాతలో ఉన్నంత చురుగ్గా లేదు. మెత్తగా, కాస్త బెదురుగా ఉంది.

"మీ తాతకి ఎందుకంత కోపం?"

"ఎందుకంటే... ముసలి పీత ఆయనే."

"మరి ఇన్నాళ్లూ నాకు రాసిందెవరు?"

"కబుర్లు నావి. ఆట తాతది," అన్నాడు లీరెన్. "పడవ కెప్టెన్‌గా బతికిన మనిషి. పోయిన చలికాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు ఆడించమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే కిటికీలోంచి విసిరేశాడు. నేను చిన్నప్పుడు ఆడిన ఈ ఆట చూపిస్తే మాత్రం వదల్లేదు. ఎడంచేత్తో ఆడతాడు. చెయ్యి వణికి ఏదేదో నొక్కేస్తాడు, మా పాత కంప్యూటర్ బిగుసుకుపోతుంది. మళ్లీ తెరవాలి. ఓడితే మాత్రం ఓడినట్టే ఉంచుతాడు. కాకపోతే వీధి చివరిదాకా వినబడేలా తిడతాడు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"చెబితే జాలిపడి వదిలేస్తారు. నువ్వు ఆయన ఉత్తర కోట పట్టుకున్న రోజు పగ తీర్చుకోవాలని రెండు గిన్నెల గంజి తాగాడు తెలుసా? అంతకుముందు ఒక గిన్నె తాగించడానికే మా ప్రాణం పోయేది."

"ఇప్పుడు?"

"గోడకేసి తిరిగి పడుకున్నాడు. మౌస్ ముట్టుకోవట్లేదు."

ఆదివారం పెయ్‌యున్ సూఆవ్ వెళ్లే రైలెక్కింది. అక్కడి నుంచి బస్సు. నాన్‌ఫాంగావ్‌లో దిగేసరికి జోరున వాన. స్టాపులో రబ్బరు బూట్లు వేసుకుని, గొడుగు పట్టుకుని ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. గొడుగు వంకరగా పట్టుకోవడం వల్ల కళ్లద్దాల నిండా చినుకులే.

"లీరెన్?"

అతను ఆమెకి కొంచెం ఎడంగా ఉన్న స్తంభంకేసి నవ్వాడు.

పెయ్‌యున్ అలవాటు కొద్దీ చెయ్యి చాచి అతని కళ్లద్దాలు తీసి, కండువా కొసతో తుడవడం మొదలుపెట్టింది. సగం తుడిచాక గానీ తనేం చేస్తోందో తెలిసి రాలేదు. తలెత్తితే అతని కళ్లు, అద్దాలు లేకుండా, బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"మా షాపులో... అందరికీ ఇలాగే..."

"అందరికీనా?" అన్నాడు నిరాశగా.

ఇంట్లో తాత నిజంగానే గోడకేసి తిరిగి ఉన్నాడు. పెయ్‌యున్ మంచం పక్కన పీటమీద కూర్చుంది.

"తాతగారూ, మిమ్మల్ని ఒక్కమాటైనా అడక్కుండా అనరాని మాట అన్నాను. తప్పు నాదే."

"అందరి ముందూ దొంగన్నావు," అన్నాడాయన గోడతోనే. "ఇక్కడికొచ్చి చెవిలో క్షమాపణ చెబుతావా?"

"అందరి ముందే చెప్పాను. పొద్దున్న రైల్లోంచే రాశాను. వినండి." ఫోన్ తీసి చదివింది. "'ముసలి పీత మోసం చేయలేదు. ఆ తాతగారు ఎడంచేత్తో ఆడతారు, చెయ్యి వణికి కంప్యూటర్ బిగుసుకుపోతే మళ్లీ తెరవాల్సి వస్తుంది. విచారించకుండా నిందవేసింది నేను. ఆయన ఒప్పుకుంటే తిరిగి రమ్మని వేడుకుంటున్నాను.' దీనికి మాస్టారి జవాబు: 'పీత తాతగారికి నమస్కారం. నా డ్రాగన్లని చంపింది ఎడంచేత్తోనా? సిగ్గుతో చస్తున్నాను. కాచుకోండి, మీ రేవుల్లో ఒక్కటీ మిగల్చను.'"



"ఏంటీ? నా రేవులా?" తాత మెల్లగా ఇటు తిరిగాడు. "ఆ లెక్కల పంతులుకి పడవంటే ఏంటో తెలుసా? ఒరేయ్ లీరెన్, కంప్యూటర్ పెట్టరా!"

లీరెన్ పరిగెత్తాడు. తలుపు దగ్గర నిలబడ్డ లీరెన్ అమ్మ చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

తాత తెర ముందు కూర్చుంటే పెయ్‌యున్ ఆయన ముఖం చూసి, "ఉండండి," అంది. కళ్లద్దాలు ఒకవైపుకి వాలిపోయి ఉన్నాయి. కాడలు వంచి సరిచేసి, చెవుల మీద ఆనించింది. ఆయన రెండుసార్లు కళ్లార్పి తెరవైపు చూశాడు. తరువాత ఎడంచెయ్యి వణుకుతూ కదిలింది. నెమ్మదిగా, పట్టుదలగా. మాస్టారి రేవులవైపు కాదు, తిన్నగా పెయ్‌యున్ రాజధాని మీదికి.

"తాతా! ఇంటికొచ్చిన అతిథిని నేను!"

"అతిథివి ఇక్కడ. అక్కడ శత్రువువే," అని తాత నోరు ఒకవైపుకి వంకరపోయేలా పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని వంటింట్లో లీరెన్ అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. పెయ్‌యున్ కోట కళ్లముందే కూలిపోయింది. అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ ఓడిపోలేదు.

కానగంత చేపల సూప్ తాగి బయల్దేరుతుంటే తాత మనవణ్ణి పిలిచాడు. "ఒరేయ్, బస్సెక్కించి చేతులు దులుపుకుని రాకు. మెయిళ్లలో వాగడం కాదు. ఆ పిల్లకి చెప్పాల్సింది చెప్పు."

లీరెన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

స్టాపులో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. లీరెన్ గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"నేను... ఇంటికెళ్లాక వివరంగా రాస్తాను."

"రాయకు. నోటితో చెప్పు."

"నోటితో నాకు సరిగ్గా రాదు."

"రానట్టే చెప్పు."

మలుపులో బస్సు కనిపించింది. లీరెన్ దాన్ని చూసి కంగారుపడ్డాడు.

"మ్యాచ్ కోసం కాదు. తాత కోసం కూడా కాదు. నువ్వంటే నాకు... ప్రతి మెయిలూ నాలుగుసార్లు రాసి చెరిపేవాణ్ణి. అంత ఇష్టం. బస్సొచ్చేసింది."

బస్సు ఆగి తలుపు తెరుచుకుంది. "ఎక్కుతారా?" అని డ్రైవరు కేకేశాడు.

పెయ్‌యున్ లీరెన్ ముఖం చూసింది. అద్దాల మీద మళ్లీ చినుకులే. ఈసారి తుడవలేదు. గొడుగు పట్టుకున్న అతని చేతి మీద తన చెయ్యి వేసి, గొడుగుని నిటారుగా నిలబెట్టింది.

"ఎక్కను, మీరు పొండి," అని డ్రైవరుకి చెప్పింది. తరువాత లీరెన్ వైపు తిరిగింది. "నాక్కూడా ఇష్టమే. తరువాతి బస్సెప్పుడు?"

"గంటకి."

"అయితే మొదటి నుంచి చెప్పు. తొందరేం లేదు."