వెనక లేచిన కాలర్

"చైనీస్ కాలర్?" అడిగాడు చీఫ్.

"ఆగు."

"షాల్ కాలర్?"

"దారి మార్చు."

"మడత కాలర్?"

"వచ్చెయ్."

"అదే వెనక లేచి ఉంటే?"

"ప్రాణాపాయం. వెనక్కి పరుగెత్తు."

ఆఫీసులో అందరూ బ్రహ్మచారి అని పిలిచే ఆ ఏజెంట్ తడుముకోకుండా చెప్పాడు. విదేశీ ముఠా గుట్టంతా ఉన్న మైక్రోఫిల్మ్‌తో ఒక ముసలి సైంటిస్టు రైలు దిగుతాడు. స్టేషన్ క్యాంటీన్ మెట్ల మీంచి ఏజెంట్ కాలర్ చూసి అడుగు వేస్తాడు. తేడా వస్తే పైన ప్లాట్‌ఫాం మీద కూలీల వేషంలో మనవాళ్లుంటారు.

మధ్యాహ్నం బ్రహ్మచారి మెట్లకు వీపు పెట్టి, గోడ అద్దానికి ఎదురుగా కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. అద్దంలో కౌంటర్ దగ్గర ఇద్దరు కనిపించారు. ముఠా మనుషులే! మెడ గోక్కుంటున్నట్టు నటిస్తూ కాలర్ వెనక లేపాడు.

అప్పుడే వచ్చింది నెమలి. డిపార్ట్‌మెంట్‌కంతా అందగత్తె, రెండేళ్లుగా అతని పార్ట్‌నర్. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయ్యో, కాలర్ లేచిపోయిందండీ. ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోతే ఇంతే," అంటూ మడిచి సర్దింది. చెయ్యి అక్కడే ఉంచింది.

లేచిన కాలర్‌తో ఊరంతా తిరిగి, ఇంటికెళ్లి చొక్కా విప్పేటప్పుడు గాని సంగతి తెలియని బతుకు బ్రహ్మచారిది. ఆ వేళ్లు ఇంకాసేపు అక్కడే ఉంటే బాగుండుననిపించింది.

మరుక్షణం తేరుకున్నాడు. కోడ్ తెలిసిన మనిషి కాలర్ ఎందుకు మడుస్తుంది?

అద్దంలో సైంటిస్టు మెట్లు దిగుతున్నాడు. కౌంటర్ దగ్గరివాళ్లు కదిలారు.

"నువ్వు కూడానా?"

"కదలకండి." టేబుల్ కింద పిస్టల్ అతని డొక్కకు ఆనింది.

బ్రహ్మచారి ఆ మణికట్టు ఒడిసిపట్టి, ఉన్నపళంగా ముందుకు దూకాడు. ఆమె రెండో పిడికిట్లో చిక్కిన కాలర్ చర్రున చిరిగి నిటారుగా లేచింది. ఆఖరి మెట్టు మీద ముసలాయన ఆగాడు, చూశాడు, వెనక్కి పరుగు లంకించుకున్నాడు. కూలీలు బిలబిలమంటూ దిగి ముగ్గురినీ పట్టుకున్నారు.

సంకెళ్లతో వెళ్తూ నెమలి ఆగింది. "ఇంట్లో చెప్పేవాళ్లు లేరన్నది అబద్ధం కాదండీ. రెండేళ్లుగా చూస్తున్నా, మీ కాలర్ రోజూ లేచే ఉంటుంది."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

ఆమె కూలీల మధ్య మెట్లెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు చీఫ్ భుజం తట్టాడు. "శభాషయ్యా! కొత్త చొక్కా కుట్టిస్తాం. ఏ కాలర్ కావాలి?"

"చైనీస్ కాలర్ సార్. దాన్ని ఎవరూ మడవక్కర్లేదు."