ఇరవై రెండో అంతస్తు కిటికీ

మధ్యాహ్నం మూడు గంటలకు శీతల సౌధంలో మనిషన్నవాడు ఉండకూడదు. ఎండలు ముదిరిపోయాక హైదరాబాదులో ఆఫీసులు తెల్లవారుజామున ఐదింటికి తెరిచి ఒంటిగంటకు మూసేస్తున్నారు. ఆ తర్వాత నలభై అంతస్తుల భవనాన్నీ కిటికీలకు బిగించిన ఎరుకగాజే చూసుకుంటుంది. మనిషి ఒంటి వేడి దగ్గర్లో తగిలితే ఆ పలక తేటపడి వెలుతురునిస్తుంది. ఎవరూ లేకపోతే తళతళలాడే అద్దమైపోయి ఎండను బయటికి తరిమేస్తుంది. దాంతో భవనం తాగే కరెంటు మూడోవంతుకు పడిపోయింది.

అలాంటిది, పడమటి వైపు ఇరవై రెండో అంతస్తులో నాలుగు పలకలు సాయంత్రం దాకా తేటగానే ఉంటున్నాయని తెలిసి, ఇంధన తనిఖీ అధికారి వకుళ స్వయంగా వచ్చింది. గాజు చెడిపోతే ఆదివారం కూడా చెడిపోవాలి కదా? ఆదివారాలు మాత్రం నిక్షేపంగా అద్దమవుతున్నాయి. ఇది గాజు పని కాదు, మనిషి పని అనుకుంది.

స్తంభం చాటు నుంచి చూసింది. కిటికీకి ఆనించి కుర్చీ వేసుకుని ఒకతను కూర్చున్నాడు. పత్రాల విభాగంలో పనిచేసే జోగారావని గుర్తుపట్టింది. యాభై దాటిన మనిషి. చొక్కా చెమటకి వీపుకు అతుక్కుపోయింది. నెత్తిన తడి తువ్వాలు. చేతిలో పనేమీ లేదు. కాసేపటికి కిందికి చూస్తూ చెయ్యెత్తాడు. రోడ్డుకు అవతల, రేకుల షెడ్ల వరసలో, ఒక ఆడమనిషి కొంగు ఊపి లోపలికి పోయింది.

పత్రాలు బయటికి చేరవేస్తున్నాడని వకుళ తేల్చేసుకుంది. పత్రాల విభాగం, ఖాళీ భవనం, సైగలు. ఇంకేం కావాలి? అక్కడికక్కడే చేతిపలక తీసి భద్రతా విభాగానికి ఒక్క వాక్యం పంపింది: ‘ఉద్యోగి జోగారావు బయటివారికి సంకేతాలిస్తున్నాడు.’ ఆ తర్వాతే అతని ముందుకు వెళ్ళింది.

“ఇక్కడేం చేస్తున్నారు?”

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. “కూర్చున్నానండి.”

“కనబడుతూనే ఉంది. ఎందుకు?”

“నన్ను లెగమనకండి మేడమ్. నేను లెగిస్తే ఇది అద్దమైపోద్ది.”

“కింద ఆవిడెవరు?”

“పేరు తెలీదండి.”

“పేరు తెలియని మనిషికి చెయ్యి ఊపుతారా?”

జోగారావు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మార్చిలో ఓ రోజు పని తెమలక ఉండిపోయానండి. కింద ఆవిడ పసిబిడ్డని మంచమ్మీద పడుకోబెట్టి, నీడ ఎటుంటే అటు మంచం ఈడుస్తా ఉంది. నేనీ కిటికీ కాడికొచ్చాక ఈడ్చడం ఆపేసింది. నీళ్ళు తాగొద్దామని లేచానా, మళ్ళీ ఈడుస్తంది. అప్పుడు తెలిసిందండి, ఈ గాజు తరిమిన ఎండంతా ఆళ్ళ నెత్తిన పడతందని.”

వకుళ నమ్మలేదు. దొరికిపోయినవాళ్ళు కట్టే కథలు ఇరవయ్యేళ్ళుగా వింటోంది. “కదలకండి, చూసొస్తాను” అని లిఫ్టెక్కింది.

రోడ్డు దాటి ఆ సందులోకి అడుగు పెట్టగానే కళ్ళు మూసుకుపోయాయి. పైనుంచి ఒక సూర్యుడు, ఎదుటి గోడ నుంచి ఇంకొకడు. తలుపుల రంగు పొక్కులు తేలింది. ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి మెత్తబడి పక్కకు ఒరిగింది. మనుషులు తడిపిన గోనెపట్టాల వెనక నక్కి ఉన్నారు. ఒక్క షెడ్డు ముందు మాత్రం కళ్ళు తెరవగలిగింది.

గుమ్మంలో ఉన్నది ఇందాక కొంగు ఊపిన మనిషే, పేరు మణెమ్మ. వకుళ మెడలోని గుర్తింపు కార్డు చూడగానే బిడ్డను వెనక్కి తిప్పుకుంది.

“ఎవరు నువ్వు? ఆ సారు మీద చెప్పనీకొచ్చినవా?”

“కాదమ్మా. ఆయన మీకేమైనా కాగితాలు ఇస్తాడా?”

“కాగితాలెందుకు మాకు? నీడ ఇస్తడు.” మణెమ్మ బిడ్డ చొక్కా పైకెత్తింది. వీపంతా చెమటపొక్కులు, కొన్ని చితికి మానుతున్నాయి. “ఐతారం సారు రాడు. ఆ దినం దీన్ని ఎత్తుకొని ఫ్లైఓవర్ కిందికి పోతం.”

“మరి మిగతా షెడ్లవాళ్ళు?”

“వాళ్ళ దిక్కు ఎవరు కూసుంటరమ్మా?”

వకుళ తలెత్తి ఆ నాలుగు పలకల వైపు చూసింది. తొమ్మిదేళ్ళ కిందట ఎరుకగాజు నిబంధన మీద సంతకం పెట్టినవాళ్ళలో తనూ ఒకతె. లోపల ఎంతమంది, ఎంత వేడి, ఎంత పొదుపు అన్నీ అడిగారు. తరిమేసిన ఎండ ఎక్కడికి పోతుందని ఒక్కరూ అడగలేదు, తనతో సహా.

సందులో ఒక్కసారిగా వెలుగు భగ్గుమంది. మణెమ్మ బిడ్డ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టింది. “సారు లేసిండు!”

వకుళ పరుగున రోడ్డు దాటింది. లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఇద్దరు గార్డుల మధ్య జోగారావు ఎదురయ్యాడు. మెడలో కార్డు లేదు.

“పొరపాటైంది, వదిలేయండి. ఆ ఫిర్యాదు నేనే చేశాను.”

“తీసేసినట్టు ఆర్డరొచ్చేసింది మేడమ్,” అన్నాడు గార్డు. “విచారణ తర్వాత ఉంటుంది, మీకేదన్నా చెప్పాలనుంటే అప్పుడు రాసుకోవచ్చు.”

జోగారావు ఆమె వంక కోపంగా చూడలేదు. “ఆరింటిదాకా పడతాదండి ఎండ,” అని మాత్రం అన్నాడు.

అక్కడే నిలబడి ఆమె గాజు సంగతంతా రాసి పంపింది. నిమిషంలో జవాబొచ్చింది: ‘నివేదిక అందినది. వేసవి అనంతరం సమీక్షించబడును.’ మనిషిని ఉద్యోగంలోంచి తీసేయడానికి మాత్రం అరగంట పట్టలేదు.

ఇరవై రెండో అంతస్తులో నాలుగు పలకలూ అద్దాలై మెరుస్తున్నాయి. వకుళ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. గాజు కాసేపు తటపటాయించి, ఆమెను మనిషిగా గుర్తించి, మెల్లగా తేటపడింది. ఎండ నిప్పుసెగలా ఒళ్ళో పడింది.

కింద మణెమ్మ బయటికొచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు పైకి చూసింది. అంత దూరానికి ముఖం ఆనదు. సారు కాదని మాత్రం తెలిసినట్టుంది. మంచం బయట వెయ్యలేదు. బిడ్డను చంకనేసుకుని, ఒక కాలు గుమ్మం లోపలే ఉంచి, అలాగే నిలబడింది.

వకుళ లేవలేదు.