పక్క మార్చే వేళ

మాట్లాడకుండా ఉండమంటే నాకు కడుపుబ్బరం. అందుకే చెబుతున్నాను, వినండి.

నా పేరు జగదీష్, మాది పాచిపెంట. అరకు దాటాక ఘాటు రోడ్డు పక్కన ఒక వృద్ధాశ్రమం ఉంది. అందులో వంట నాది, దుప్పట్ల ఉతుకుడూ నాదే. పనిచేసేది మొత్తం నలుగురం. నర్సు అనురాధమ్మ, ఆయాలు రత్నాలు, కనక, ఆ తర్వాత నేను. రత్నాలుకి యాభై దాటాయి, నోరు పెద్దది. కనక పైన కొండ మీది గూడెం పిల్ల, ఇరవై రెండేళ్ళది.

మంచం దిగలేని ముసలివాళ్ళని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. దానికి ఇద్దరు కావాలి. మనిషి కింద అడ్డంగా దుప్పటి వేసి, అటొకరు ఇటొకరు గుప్పిళ్ళతో బిగించి పట్టుకుంటారు. ఒకరు "ఎత్తు" అనగానే ఇద్దరూ ఒక్కసారే ఎత్తాలి. ఆ మాట ఎవరు అనాలన్న దగ్గరే ఈ ఇద్దరికీ చెడింది.

"నిన్న కాక మొన్నొచ్చిన గుంటవి, నాకు ఆర్డరేత్తావేటి?" అంది రత్నాలు.

"అయితే నువ్వే అనుకో అక్కా. నేనింక నోరు తెరవను," అంది కనక.

అంతే. వారం రోజులు మాటల్లేవు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బుధు తాత పోయాడు. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన మనిషి. నిద్రలో పోయాడని అనురాధమ్మ రిజిస్టర్లో రాశారు. కనక అన్నం మానేసింది. శనివారం బస్సుకి వెళ్ళిపోతానని సంచీ సర్దుకుంది. ఆ పిల్ల పోతే రత్నాలు ఒక్కత్తే. వార్డులో ఇంకా ముగ్గురు మంచాన ఉన్నారు. వాళ్ళని ఎవరు ఎత్తుతారు? నా నడుం సంగతి సరేసరి.

అనురాధమ్మ భయపడి విశాఖపట్నం నుంచి ఉమామహేశ్వరి మేడమ్‌ని పిలిపించారు. ఇలాంటి చోట పనిచేసేవాళ్ళ మనసులు కుదుటపరచడం ఆవిడ పని. ఆవిడ మాకొక పద్ధతి నేర్పింది. సాయంత్రం టీ అయ్యాక గుండ్రంగా కూర్చుని, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకోవాలి. మనసులో బరువేదో ఒకరు చెప్పి, పక్కవాళ్ళ చెయ్యి నొక్కాలి. అప్పుడు వాళ్ళ వంతు. నొక్కు తిరిగి మొదటి మనిషి దాకా వచ్చేవరకు ఎవరూ కళ్ళు తెరవకూడదు, చెయ్యి వదలకూడదు. ఇంత చెప్పి మేడమ్ రెండు గంటల బస్సెక్కేసింది.

ఆరున్నరకి మేం నలుగురం భోజనాల గదిలో కూర్చున్నాం. మంచు వరండా దాటి లోపలికొచ్చింది. తడిసిన కాఫీ ఆకు వాసన, ఫినాయిలు వాసన. కరెంటు పోయింది. కిటికీ రేకు మీద నీటిబొట్లు ఒక్కొక్కటే పడుతున్నాయి.

నేనే మొదలుపెట్టాను. "నా పులుసుని ఎవరూ మెచ్చుకోరు, అదే నా బరువు," అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎడమపక్క కనక చెయ్యి నొక్కాను.

"ఏం లేదు," అంది కనక.

"నాకూ ఏటీ నేదు," అంది రత్నాలు.

"నాకు నిద్ర పట్టడం లేదు," అన్నారు అనురాధమ్మ. "తాత సంగతి తెలియకుండానే రాసేశానేమో అని."

ఇక నొక్కు నాకు రావాలి. రాలేదు.

"అమ్మా... నొక్కండి," అన్నాను మెల్లగా.

"నొక్కేశాను జగదీష్."

ఆ గొంతు నా పక్క నుంచి రాలేదు. మధ్యలో ఇంకో మనిషి కూర్చున్నంత అవతల నుంచి వచ్చింది.

నా కుడిచేతిలో చెయ్యి ఉంది. చల్లగా... చెట్టు బెరడులా గరుగ్గా... వేలాడుతూ. అందులో పట్టు లేదు. కర్పూరం నూనె వాసన. ఆ నూనె ఒక్క తాతకే రాసేవారు.

పక్కన ఊపిరి వినిపించింది. మూతికి గుడ్డ అడ్డం పెట్టి పీలుస్తున్నట్టు... గుర్... గుర్...

"కళ్ళు తెరవకండి," అన్నారు అనురాధమ్మ. "ఏదో నా చేతిని విరిచేస్తోంది..."



"తాతా," అంది కనక. "నీ మొహం తలగడలోకి పడిపోయింది. చూశాను. ఒక్కదాన్నే ఎత్తలేను. అక్కని పిలవాలి... పిలవలేదు. తనే వస్తుందిలే అని నిలబడ్డాను."

ఊపిరి ఆగలేదు.

"రత్నాలూ," అన్నాను నేను.

"గుమ్మం కాడే ఉన్నాను బావూ," అంది రత్నాలు. "అదే పిలుత్తాది, పిలిత్తే ఎల్దామని... సేతిలో టీ సల్లారిపోయింది."

ఊపిరి ఆగింది.

అప్పుడు... పట్టు లేని ఆ చెయ్యి... నా చేతిని నొక్కింది.

కళ్ళు తెరిచాను. కరెంటు వచ్చింది. నా కుడిచేతిలో ఉన్నది అనురాధమ్మ చెయ్యే. ఆవిడ వేళ్ళు నల్లగా కమిలిపోయి ఉన్నాయి.

ఆ రాత్రే రిజిస్టర్లో ముందు రాసింది కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశారు. శనివారం బస్సు కనక లేకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు వాళ్ళిద్దరూ "ఎత్తు" అని ఒకే గొంతుతో అంటున్నారు. మనిషి దూదిలా లేస్తోందని రత్నాలు మురిసిపోతోంది.

ఉతకడానికి దుప్పట్లు నా దగ్గరికే వస్తాయి కదా. పట్టుకున్న చోట గుప్పిటి ముడతలు పడి ఉంటాయి. అటు రెండు, ఇటు రెండు. ఇప్పుడు ఐదోది కూడా ఉంటోంది. ఒక్కటే, కుడిచేతిది. మొదట్లో కాళ్ళవైపు ఉండేది. తర్వాత నడుం దగ్గరికి వచ్చింది.

ఇవాళ పొద్దున దుప్పటి మీద లేదు. తలగడ గలీబు మీద, సరిగ్గా మొహం ఆనేచోట ఉంది.