‘బాగుండాది’ అన్న అబద్ధం

"మేడమ్, అది సంగటి కాదు. నమిలి తినాల."

నస్రీన్ గొంతులో ముద్ద సగం దారిలో ఆగింది. గబగబా నీళ్లు తాగి తలెత్తింది. ఎదురుగా నల్ల ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు. చేతిలో గరిటె, ముఖంలో నవ్వు ఆపుకుంటున్న కష్టం.

"తినేది నేను. నమలాల్నో మింగాల్నో మీరు చెప్తారా?"

"చెప్పకుంటే ఎట్లా మేడమ్? నిన్న ఒకాయప్ప ఇట్లే మింగి, ఎక్కిళ్లు పట్టి, నీళ్లు తాగీ తాగీ కడుపు నిండి, కూర ముట్టుకోకుండా పాయ."

పక్కనున్న సుచిత్ర పకపకా నవ్వింది. ప్రాణ స్నేహితురాలే గానీ ఇలాంటప్పుడు నస్రీన్ పక్షం చేరిన పాపాన ఏనాడూ పోలేదు.

అసలు తప్పు నస్రీన్‌ది కాదు. పెనుకొండలో పుట్టి పెరిగిన పిల్ల. రాగి సంగటి తుంచి, పులుసులో అద్ది, పంటికి తగలకుండా మింగడం మాటలతోపాటే వచ్చేసిన విద్య. ఆ సీమ వాళ్లకు కంచంలో గుండ్రటి ముద్ద కనబడితే చాలు, పళ్లు సెలవు పెడతాయి. ఇవేమో కొడగు వాళ్ల కడంబుట్టులు. బియ్యపు నూకతో ఉండలు చేసి ఆవిరి మీద ఉడికించేవి.

పంతం కొద్దీ ఈసారి ఒక ఉండ తుంచి, కళ్లు మూసుకుని నిదానంగా నమిలింది.

"నూక ఒకటే తీరుగా లేదు. సన్నదీ లావుదీ కలిసిపోయిండాది. అందుకే పైన మెత్తగుండి లోపల పలుకు తగుల్తాండాది. జల్లించి చేసుంటే ఇట్లా విడిపోదు."

కుర్రాడి ముఖంలో నవ్వు కాస్తా పోయింది. తనూ ఒక తుంపు నోట్లో వేసుకున్నాడు. ఆలోచించాడు.

"నిజమే. ఇన్ని దినాల్లో ఈ మాట చెప్పినోళ్లు లేరు. మీరు ఫుడ్ వ్లాగరా?"

"కాదు. పట్టుచీరలకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తా. ఈ ధర్మవరంలోనే."

అతని పేరు జావీద్. హిందూపురంలో ఖాజాసాబ్ హోటలంటే బిర్యానీకి పేరు. ఆ ఖాజాసాబ్ కొడుకు. బెంగుళూరు వంటిళ్లలో కొన్నేళ్లు పనిచేసి, పక్క పొయ్యిల దగ్గర నిలబడ్డ మలయాళీల దగ్గరా, కొడగు వాళ్ల దగ్గరా, అస్సామీల దగ్గరా వాళ్ల ఊరి వంటలు నేర్చుకున్నాడు. వచ్చి ధర్మవరం స్టేషన్ రోడ్డులో ఈ చిన్న రెస్టారెంట్ పెట్టాడు. గోడ మీద బోర్డు: ‘ఈ నెల కొడగు వంట.’ వచ్చినవాళ్లు బోర్డు చదివి, తల ఊపి, "సరే గానీ, బిర్యానీ లేదా అబ్బా?" అంటారు. లేదని చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది.

అందుకే కొత్త వంట కోసమే వెదుక్కుంటూ వచ్చే ఈ పిల్ల అతనికి అపురూపంగా కనిపించింది. ఆమె ఎందుకు వెదుక్కుంటుందో తెలిస్తే ఏమనుకునేవాడో!

నస్రీన్‌కు వాసన తెలియదు.

కరోనా రెండోసారి ఊళ్ల మీద పడినప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దాంతోపాటు వాసన కూడా పోయింది. అందరికీ తిరిగొచ్చినట్టే వస్తుందన్నారు. రాలేదు. నాలుకకు ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం తెలుస్తాయి. అంతే. తిరగమోత వాసన లేదు, కొత్తిమీర లేదు, మొదటి వాన లేదు. మల్లెపూలు తలలో పెట్టుకుంటే బరువు మాత్రమే తెలుస్తుంది.

ఇంట్లో అమ్మ వండిన గోంగూర పప్పు ముందు కూర్చుంటే ఆమెకు దుఃఖం వచ్చేది. అది ఎలా ఉండాలో మనసుకు గుర్తుంది, నోటికి అందదు. కొత్త వంటతో ఆ బాధ లేదు. ఎప్పుడూ తినని దాంట్లో ఏం పోయిందో తెలియదు కదా. మెత్తనా, గరుకా, జిగురా, వేడి ఎంతసేపు నిలుస్తుంది, పంటి కింద ఎలా విరుగుతుంది, వీటితోనే ఆమె ఒక భోజనం కట్టుకునేది. సుచిత్రకు తప్ప బయటివాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు.

నెలకొకసారి అనుకున్నది వారానికొకసారి అయింది.

"ఈ దినం అస్సాం చేపల పులుసు. ఆ ఊర్లో టెంగా అంటారు," అనేవాడు జావీద్.

"అయ్యో, నా కర్మ," అనేది సుచిత్ర. శెట్ల ఇంటి పిల్ల. కోడిగుడ్డు పేరు చెప్పినా కుర్చీ వెనక్కి జరుపుతుంది. "నాకేమన్నా ఉండాదా, నీ స్పెషల్ కస్టమర్‌ను చూస్తా కూర్చోవాల్నా?"

"మీకు ఉర్లగడ్డ మెదిపి చేసే పిటికా ఉండాది. మీకోసరం వేరే గిన్నెలో చేసినా."

"చూసినావా నస్రీన్? నా మీద కూడా ప్రేమే. కాకపోతే ఉర్లగడ్డంత."

నస్రీన్ తల వంచుకుని పులుసు కలుపుకునేది. జావీద్ వంటింట్లోకి పోయి, అక్కర లేకపోయినా మళ్లీ బయటికొచ్చి, అందరి బల్లల మీదా ఉప్పు ఉందో లేదో చూసేవాడు. ఆమె చెప్పే ప్రతి మాటా పట్టుకుని మరుసటి వారానికి వంట మార్చేవాడు. ఒకళ్ల మాటకు అంత విలువిచ్చే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. అతనంటే ఇష్టం ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేదు గానీ, శనివారం పొద్దున అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్న సంగతి వాళ్ల అవ్వ కనిపెట్టింది.

ఒక శనివారం అతను అరిటాకు పొట్లం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కేరళ పొదిచోరు. ఆకును సెగకు వాడ్చి, వేడన్నం, కూరలు లోపల పెట్టి కడతారు. దీంట్లో ఉండేదంతా విప్పినప్పుడే. విప్పండి."

దారం లాగింది. ఆవిరి ముఖానికి తగిలింది. పక్క బల్లవాళ్లు కూడా తల తిప్పి ఊపిరి పీల్చుకున్నారు. జావీద్ ఆమె కళ్లలోకే చూస్తున్నాడు, పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా.

"ఎట్లుండాది వాసన?"

చెప్పాలనుకుంది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది.

"బాగుండాది," అంది.

అతను వెలిగిపోయాడు. నస్రీన్ తల వంచుకుని అన్నం కలిపింది. ఎదురుగా సుచిత్ర మొదటిసారి నవ్వకుండా కూర్చుంది.

ఆ తర్వాతి వారమే జావీద్ ఫోన్ చేశాడు. మీరు కాస్తా నువ్వు అయింది.

"మా ఇంట్లో నీ గురించి చెప్తి. అమ్మ మీ ఇంటికి వస్తామంటాండాది. నీకు ఇష్టమైతేనే."

సంతోషంతో ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. అతనే మాట్లాడుతూ పోయాడు.

"మా అమ్మకు ఒక పిచ్చుండాదిలే. మూత తీయకుండా, అంచున వచ్చే ఆవిరి వాసన చూసి బిర్యానీ దమ్ము అయిందో లేదో చెప్పాలంటాది. మా అవ్వ చెప్పేదంట, ఇప్పుడు అమ్మ చెప్తాది. కోడలు వస్తే నేర్పిస్తానని ఇప్పట్నుంచే ఎగురుతాండాది. నీకైతే ఒక్క దినం చాలు అంటి నేను."

ఫోన్ పెట్టేశాక నస్రీన్ వంటింట్లోకి పోయి, జావీద్‌కు నిజం చెప్పేస్తానని తన అమ్మతో అంది. సంగతంతా విని అమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"చెప్పొద్దు. కుంటిదా, గుడ్డిదా అని అడుగుతారు గానీ, వాసన తెలుస్తాదా అని యాడన్నా అడుగుతారా? పెండ్లయినాక నిదానంగా తెలుస్తాదిలే."

"ఆ యప్ప నన్ను ఇష్టపడిందే నా నాలికను చూసమ్మా. అబద్ధం మీద యాడ కాపురం చేసేది?"

జావీద్‌ను పెనుకొండకు రమ్మంది. కోట కింద రోడ్డు పక్కన, రేకుల కింద బజ్జీల అంగట్లో కూర్చున్నారు. వాన సన్నగా మొదలైంది. అతను రెండు ప్లేట్లు బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పాడు. ఆమె ప్లేటు ముట్టుకోలేదు.

"ఏమి, తినవా? దీనికన్నా నీ దగ్గర పాస్ మార్కులు వస్తాయో రావో."

"ఇది నాకు తెలిసిన వంట. తెలిసినవి తినలేను జావీద్."

అంతా చెప్పింది. జ్వరం సంగతి, గోంగూర పప్పు సంగతి, కొత్త వంటలు ఎందుకు వెదుక్కుంటుందో, అంతా. చెబుతున్నంతసేపూ రేకుల మీద వాన పెరుగుతూ వచ్చింది. అతను బజ్జీ చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు.

"అయితే ఆ అరిటాకు పొట్లం?"

"తెలియలేదు."

"బాగుండాదంటివే."

"నీ మొగం చూసి అంటి."

జావీద్ బజ్జీ ప్లేటులో పెట్టేశాడు.

"ముక్కు పనిచేయకపోతే నాకేమీ లేదు నస్రీన్. ఊర్లో అందురూ నా వంటను బాగుండాది అంటారు, మళ్ల రారు. నువ్వొక్కదానివే నిజం చెప్తావనుకున్యా. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మా ఇంట్లో చెప్తి."

కోపంగా అనలేదు. అలా అనుంటే ఆమెకు తేలికగా ఉండేది. వానలోనే లేచి బండి తీసుకుని వెళ్లిపోయాడు. నస్రీన్ తడిసిన రోడ్డు చూస్తూ కూర్చుంది. మట్టి వాసన వస్తుంటుందని ఆమెకు తెలుసు. అంత ఏడుపు ఆమెకు వాసన పోయిననాడు కూడా రాలేదు.

తర్వాత ఫోన్ లేదు. శనివారం ధర్మవరంలో రెస్టారెంట్ తలుపు మూసుంది. ఆ మరుసటి వారమూ మూసే ఉంది. సుచిత్ర ఊరుకోలేక, "ఏమి మనిషి! ఒక్క అబద్ధానికి అంగడే మూసుకుంటాడా?" అంది.

"ఆ యప్పను అనొద్దు. తప్పు నాది," అంది నస్రీన్. "వాళ్లమ్మకు నేనే చెప్పాల. కోడలికి దమ్ము నేర్పిస్తానని ఎదురుచూస్తాండాదంట. వేరేవాళ్ల నోట వింటే బాగుండదు."

ఆదివారం ఇద్దరూ హిందూపురం రైలెక్కారు.

ఖాజాసాబ్ హోటలు మధ్యాహ్నపు రద్దీలో ఉంది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన, "ఏమ్మా, ఏం కావాల?" అన్నాడు. సుచిత్ర పెరుగన్నం చెప్పింది. నస్రీన్ బిర్యానీ చెప్పింది. జ్వరం తర్వాత ఆమె బిర్యానీ అడగడం అదే మొదలు. వచ్చాక నాలుగు మెతుకులు నోట్లో వేసుకుంది. ఉప్పు, కారం, మెత్తటి ముక్క. చిన్నప్పటి పండుగలన్నీ ఆ కంచంలో ఉన్నాయి, ఒక్కటీ పైకి రాలేదు. కళ్లు తుడుచుకుని, జావీద్ వాళ్లమ్మ రోషన్‌బీని చూడాలని అడిగింది.

వంటింట్లోంచి కొంగు బిగించుకుంటూ ఒక లావుపాటి ఆవిడ వచ్చింది.

"నా పేరు నస్రీన్. పెనుకొండ. జావీద్ మీకు చెప్పింటాడు. నాకు వాసన తెలియదమ్మా. పాలు విరిగినా, అన్నం మాడినా తెలియదు. మీ దమ్ము నేను నేర్చుకోలేను. ఈ మాట మీకు నేనే చెప్పాలని వచ్చినా."

రోషన్‌బీ బెంచీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రంజాన్ నెలంతా ఒక్కపొద్దుండి ఇంత లావు డేగిసాలు దించుతా. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోను. ఉప్పుకు చేతి అలవాటు, కారానికి కంటి అలవాటు. నెలంతా నాలిక లేకుండా వండేదాన్ని, ముక్కు లేదని నిన్ను తప్పు పడతానా బిడ్డా? మూతకు చెవి పెడితే దమ్ము చప్పుడు కూడా మారుతాది. మా అత్త ముక్కుతో నేర్పింది. నీకు చెవితో నేర్పిస్తా."

నస్రీన్ బెంచీ అంచు పట్టుకుని ముందుకు వంగింది. "గ్యాస్ లీకైనా తెలియదమ్మా," అంది.

"మా ఇంట్లో లీకయ్యేది గ్యాస్ కాదు, మీ మామ నోరు. ఆడ ఏ మాటా ఆగదు."

ఆ మాట నిలబెట్టడానికన్నట్టు గల్లా దగ్గర్నుంచి ఖాజాసాబ్ గొంతు పెంచాడు. "అయితే ఇది కూడా విను పాపా. మా వాడు ధర్మవరంలో అంగడి మూసేసి వచ్చి, ముక్కులో దూది పెట్టుకుని తింటాండాడు. మూడు పూటలా అదే పని. జలుబని ఈయమ్మ మిరియాల కషాయం పోస్తాండాది."

హోటల్లో సగం మంది నవ్వారు. వంటింటి తలుపు దగ్గర జావీద్ నిలబడి ఉన్నాడు. నిజంగానే ముక్కులో దూది ఉంది.

"నాయనా, నువ్వు ఊరుకోరాదా?" అన్నాడు. దూదితో మూసుకుపోయిన ఆ గొంతు విని సుచిత్రకు పెరుగన్నం పొలమారింది.

దగ్గరికొచ్చి దూది తీసేశాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మొదట్లో ఏమీ తెలియలా. మా అమ్మ బిర్యానీ తింటే ఏడుపొచ్చ. అప్పుడు తెలిసె, నువ్వు ఇన్నేండ్లూ ఎంత ఒంటరిగా తింటాండావో. అంత లోటు పెట్టుకుని కూడా నువ్వు ప్రతి వారం నా వంట నమిలి నిజం చెప్పినావు. ఒక్కసారి నా మొగం చూసి అబద్ధం చెప్తే నేను వానలో వదిలేసి పోతి. నాది తప్పు నస్రీన్."

"నాదీ తప్పే," అంది ఆమె.

"అయితే ఉండు. పోవద్దు." లోపలికి వెళ్లి ఒక గిన్నె తెచ్చాడు. వేడి జొన్న సంగటి మీద చల్లటి పెరుగు, దాని మీద వేయించిన అలసందలు, అంచున ఏదో నిమ్మకాయ పచ్చడి. "దూది పెట్టుకునే వండినా."

"ఇది యా ఊరి వంట?"

"ఇంగా ఊరు లేదు దీనికి. తిని చెప్పు. నా మొగం చూడొద్దు."

నస్రీన్ కళ్లు మూసుకుని తిన్నది. చల్లదనం, వేడి, అలసందల కరకర. రోషన్‌బీ, ఖాజాసాబ్, సుచిత్ర, పక్క బల్లవాళ్లు, అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆమె ఆఖరి ముద్ద దాకా నమిలి కళ్లు తెరిచింది. ఈసారి అతని ముఖంలోకే చూసింది.

"బాగలేదు. పెరుగు నీళ్లయిపోయిండాది. అలసందలు రాళ్లు. దీన్ని అమ్మితే ఉండే గిరాకీ కూడా పోతాది."

జావీద్ ముఖం విప్పారింది. హిందూపురంలో ఆ రోజు అంత సంతోషంగా తిట్లు తిన్నవాడు ఇంకొకడు ఉండడు.

"అమ్మా, వినపడెనా?" అన్నాడు.

"వినపడెలే," అంది రోషన్‌బీ లేస్తూ. "ఈ ఇంట్లో ఇన్నాళ్లూ నీ వంట బాగలేదని చెప్పే ధైర్యం నాకే లేకపాయ. పాపా, మీ అమ్మకు ఫోన్ చేసి ఇయ్యి, నేను మాట్లాడతా."

నస్రీన్ నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతికిచ్చింది. జావీద్ చెంచా తెచ్చుకుని అదే గిన్నెలో ఒక ముద్ద తిని, "నిజమే, రాళ్లే," అన్నాడు.