నాలుగు నిమ్మకాయలు, ఒక వెల్తారా

2083 నాటికి హైదరాబాదు రోడ్ల మీద స్టీరింగు పట్టే మనిషే లేడు. బండ్లు తమంతట తామే పోతున్నాయి. మనుషులు వాటిలో సామానులా కూర్చుంటున్నారు. అందుకే ఒకప్పుడు మనిషి నడిపిన పాత పెట్రోలు స్పోర్ట్స్ కార్లకు ధర ఆకాశంలో ఉంది. కారుచౌక అనే మాట ఎవరు పుట్టించారో గాని, వాళ్లు జన్మలో కారు కొని ఉండరు.

ఆ వ్యాపారానికో శాస్త్రం ఉండేది. కారు కొద్దిసంఖ్యలో తయారై ఉండాలి, చేసిన కంపెనీ మూతపడి ఉండాలి, రంగు ఫ్యాక్టరీలో వేసిందే అయి ఉండాలి, మీటరు తక్కువ తిరిగి ఉండాలి. ప్రపంచంలో మిగిలిన ఏడు వెల్తారా కార్లలో ఒకటి శామీర్‌పేట గోదాములో, భార్గవరావు దగ్గర ఉంది. నలభై ఏళ్లలో అది తిరిగింది పన్నెండు కిలోమీటర్లు. చేతితొడుగులు లేకుండా ఆయన దాన్ని ముట్టలేదు. భార్యను ఎక్కించలేదు. కారును షెడ్డులో పెట్టి, బతుకును షెడ్డుకు పంపిన మనిషి.

డాక్టర్ వకుళ కనిపెట్టిన స్పర్శలేఖిని ఈ శాస్త్రాన్ని తలకిందులు చేసింది. చేతి చెమటలో మన భావాల తాలూకు రసాయనాలుంటాయి. అవి తోలులోకి ఇంకి అణుపొరలుగా పేరుకుంటాయి. అరచేతిలో ఇమిడే ఈ టచ్ స్కానర్ ఆ పొరలు చదివి, ఎవరు, ఎప్పుడు, ఏ భావంతో ముట్టారో పైకి చెబుతుంది; అడిగినదానికి బదులూ ఇస్తుంది. పౌరులందరి చెమట నమూనాలూ ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉన్నాయి, చెమటోడ్చినా ఓడ్చకపోయినా. మోసానికి తావు లేకుండా ఫలితం ఆ క్షణమే ప్రపంచ వేలం బోర్డుకు చేరుతుంది. నడపడంలోని సుఖం ఎరగని కొనుగోలుదార్లు, ఎవరో ఎప్పుడో పడ్డ ఆ సుఖం కోసం ఎగబడ్డారు.

భార్గవరావు కారు స్టీరింగు మీద లేఖినిని ఆనించారు.

"గుడ్డతో తుడిచారు. ఇంకేం లేదు," అంది లేఖిని.

సాయంత్రానికి ధర సగమైంది. అదే రోజు తుక్కులో దొరికిన ఇంకో వెల్తారా, ఓ తండ్రి కూతురికి బండి నేర్పిన గుర్తులతో, రికార్డు ధర పలికింది.

"నా దాంట్లో కూడా సంతోషం పోయించాలి డాక్టరమ్మా, పెట్రోలు పోయించినట్టు," అన్నాడు భార్గవరావు.

వకుళ సికింద్రాబాదు నుంచి ఇమ్మానియేలును పిలిపించింది. అరవై మూడేళ్లు; ఊళ్లో చెల్లే డ్రైవింగ్ లైసెన్సు ఉన్న ఆఖరి మనిషి. ఆయనకో పట్టింపు ఉంది. బండి తీసే ప్రతిసారీ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించి, అడుగు దూరంలో బ్రేకు వేసి ఆపేవాడు. ఆ తర్వాతే గోదాము వెనక ట్రాకు ఎక్కేవాడు.

"చర్చికి పోయేవాడివి, నిమ్మకాయలేంటన్నా?" అంది వకుళ.

"దేవుడు నాకమ్మా. నిమ్మకాయ బండికి. ఎవరిది వాళ్లకు."

వారం రోజులు పాటలు పాడుకుంటూ నడిపాడు. ధర కాస్త లేచింది. భార్గవరావుకు ఆ కాస్త చాల్లేదు. నేరుగా లేఖినినే అడిగాడు.

"అన్నిట్లోకీ లోతుగా ఇంకేది ఏది?"

"భయం. సంతోషం పూత పూస్తుంది. భయం చెక్కుతుంది. చావు ముందటి భయం అన్నిటికన్నా లోతు."

"అది రసాయనం సంగతి సార్, సలహా కాదు," అంది వకుళ.

"తెలుసులేమ్మా," అన్నాడాయన, అద్దం తుడుస్తూ.

మర్నాడు పొద్దున ఇమ్మానియేలు నిమ్మకాయలు తొక్కించి బ్రేకు నొక్కాడు. పెడల్ నేలకంటింది. నడక వేగంతో పోయిన కారు ఇసుక బస్తాలను ఒరుసుకుని ఆగింది. ఆయన చాలాసేపు దిగలేదు. దిగాక తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బ్రేకు లేదమ్మా," అన్నాడు మెల్లగా. "నిమ్మకాయలు పెట్టకుంటే మూడో మలుపు కాడ తెలుస్తుండె."

వకుళ కిందికి వంగి చూసింది. బ్రేకు ఆయిలు పోయే రబ్బరు గొట్టం కోసి ఉంది. లేఖినిని ఆనించింది.

"భార్గవరావు. ఈ ఉదయం. తొడుగులు లేవు. భావం: ఆశ."

భార్గవరావు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆయన తొడుగులు వేసుకునేది కారు మాసిపోకూడదని. ఎలాగూ కోసేసే గొట్టానికి ఎందుకనుకున్నాడు.

"గుర్తులు తోలు మీదే పడతాయన్నావు గదా," అన్నాడు వకుళతో.

"రబ్బరు మీద ఇంకా బాగా పడతాయి," అంది వకుళ.

పోలీసులు వచ్చేలోపే గోదాము గోడ మీది వేలం బోర్డులో అంకెలు పరుగెత్తాయి. చంపబోయినవాడి చెయ్యి, చావబోయినవాడి చెయ్యి, ఒకే కారు మీద. అలాంటిది ప్రపంచంలో మరొకటి లేదు. వ్యాను ఎక్కుతూ భార్గవరావు కానిస్టేబుల్‌ను అడిగాడు: "ఎంతయింది?"

ఇమ్మానియేలు ఫోను మోగింది. చెన్నై నుంచి ఒకాయన, ముంబై నుంచి ఇంకొకాయన. తమ కార్లూ నడపమన్నారు. ఇద్దరూ నిమ్మకాయలు తేవొద్దనే చెప్పారు.

"ఇందుకా అన్నా నేనిది చేసింది," అని వకుళ కళ్లు తుడుచుకుంది. ఇందాకటి నుంచి కారు తలుపు మీద చెయ్యి ఆనించి బోర్డునే చూస్తోంది.

"ఏడవకమ్మా. నా భయమెంతో చూస్తా, ఇటియ్యి."

ఇమ్మానియేలు లేఖినిని తలుపు అంచు రబ్బరుకు తాకించాడు.

"రెండు చేతులు. ఇమ్మానియేలు: భయం. వకుళ, రెండు నిమిషాల కింద, ధర రెట్టింపైన క్షణంలో: సంతోషం."

వకుళ చప్పున చెయ్యి తీసేసింది. ఇమ్మానియేలు ఆమె ముఖంలోకి చూడలేదు. వంగి, నలిగిన నాలుగు నిమ్మకాయలూ ఏరి జేబులో వేసుకున్నాడు.

"పోయొస్తనమ్మా," అన్నాడు.

ఆయన గేటు దాటేసరికి బోర్డు మీద ధర మరికాస్త పెరిగింది.